పాలపొడి డబ్బాలు పక్కన పెట్టండి, ముందు ఆ తల్లి సంగతి అడగండి

ప్రశ్న: మాది విజయవాడ. మా తమ్ముడు ఆఫ్రికాలోని మలావి దేశంలో, లిలాంగ్వేలో ఉద్యోగం చేస్తున్నాడు. ఈమధ్య అక్కడికి రెండు గంటల దూరంలో పల్లెటూళ్ళో ఉన్న ఒక మిషన్ ఆస్పత్రికి వెళ్ళాడు. తిండి చాలక చిక్కిపోయిన పిల్లల వార్డు చూసొచ్చి రాత్రంతా నిద్రపట్టలేదన్నాడు. కొన్ని ఫొటోలు పంపాడు. అవి చూసి మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళం దీపావళి టపాసులు మానేసి 2 లక్షల 40 వేలు పోగుచేశాం. పాలపొడి డబ్బాలు, బిస్కెట్లు, ఐరన్ టానిక్, రాగిపిండి, పాత బట్టలు పార్శిల్ చేద్దామని కొందరు, ఒక పాపను దత్తతలా తీసుకుని ఖర్చంతా పెట్టుకుందామని కొందరు అంటున్నారు. రాగిపిండి ఐదు కిలోలు ఇప్పటికే ఆడించాం. తమ్ముడు పంపిన ఫొటోలతో పోస్టర్ చేసి వాట్సాప్‌లో పెడితే ఇంకా వస్తాయని మా అమ్మాయి ఐడియా. మావారేమో ‘ఇక్కడ లేరా అలాంటి పిల్లలు, ఆఫ్రికా దాకా ఎందుకు’ అంటారు. డబ్బు నిజంగా ఆ పిల్లలకే చేరుతుందా అని ఒక పక్క టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, పార్శిల్ కట్టేసి ఉంటే ముందు విప్పేయండి. మీ మనసు మంచిదే, అందులో అనుమానం లేదు. కానీ మీరు రాసిన వస్తువుల్లో రెండు, ఆ వార్డులో మొదటివారం ఉన్న బిడ్డ నోట్లో పడితే ప్రాణం మీదికి తెచ్చేవి. అవి పాలపొడి, ఐరన్ టానిక్.

ఎందుకో చెబుతాను. నేను మన్యంలో ఒక పోషణ పునరావాస కేంద్రంలో, మనమంతా ఎన్‌ఆర్‌సీ అంటామే అందులో, నాలుగేళ్ళు పనిచేశాను. ఊరు వేరు, భాష వేరు గానీ వైద్యం ఒకటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పద్ధతినే ఇక్కడా అక్కడా నడుపుతారు. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు బిడ్డ జబ్బ చుట్టూ టేపు పెట్టి కొలుస్తారు. 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ వస్తే టేపు ఎరుపు చూపిస్తుంది, తీవ్ర పోషకాహార లోపం కింద లెక్క. ఎంత సన్నమో తెలియాలంటే మీ ఇంట్లో పసిపిల్లల గాజు, ఒకటి ఎనిమిది సైజుది, ఉంటే తీసి చూడండి. రెండు మూడేళ్ళ బిడ్డ జబ్బ మొత్తం ఆ గాజులో ఇమిడిపోతుంది.

అలాంటి బిడ్డ ఒంట్లో గుండె, కాలేయం, మూత్రపిండాలు అన్నీ సగం దీపంలా నడుస్తుంటాయి. ఆకలిగా ఉందికదా అని ఒక్కసారిగా గట్టి తిండి పెడితే ఆ ఒళ్ళు తట్టుకోలేదు. అందుకే మొదటి రోజుల్లో ఎఫ్-75 అనే పలచటి పాలు ఇస్తారు. 100 మిల్లీలీటర్లకు 75 కేలరీలే ఉంటాయి, ప్రోటీన్ తక్కువ, ఉప్పు తక్కువ, ఐరన్ అసలుండదు. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ తిష్ఠవేసి ఉన్నప్పుడు ఐరన్ ఇవ్వడం హాని కాబట్టి బిడ్డ తేరుకుని బరువు పెరగడం మొదలయ్యేదాకా ఆపుతారు. మనం పిల్లల టీకి కలిపే పాలపొడి ఆ లెక్కకు ఎక్కడా సరిపోదు. పైగా డబ్బాపాలు ఊళ్ళోకి వెళితే వాటితోపాటు సీసా వెళుతుంది, బావినీళ్ళు కలుస్తాయి, తల్లిపాలు మానిపిస్తారు, విరేచనాలు పట్టుకుంటాయి. డబ్బాపాలు ఉచితంగా పంచకూడదని 1981 నుంచే అంతర్జాతీయ నియమావళి ఉంది. మీ డబ్బాలను ఆ ఆస్పత్రి మేట్రన్, అంటే నర్సులందరికీ పెద్ద, మర్యాదగా తీసుకుని స్టోర్‌లో పెట్టి తాళం వేస్తుంది. మా దగ్గర అదే చేసేవాళ్ళం. ఒకసారి ఒక దాతల బృందం బ్యానర్ కట్టి నలభై డబ్బాలు ఇచ్చి ఫొటో దిగి వెళ్ళింది. గడువు తేదీ దాటాక వాటిని గొయ్యి తీసి పూడ్చింది నేనే.

ఇక రాత్రి పూట సంగతి. ఒంట్లో వాపు లేని ఆరు కిలోల బిడ్డకు రోజుకు 780 మిల్లీలీటర్లు ఇవ్వాలి. రెండు గంటలకోసారి, అంటే 24 గంటల్లో పన్నెండు సార్లు, ఒక్కోసారి 65 మిల్లీలీటర్లు. ఫిల్టర్ కాఫీ గ్లాసులో సగం. అర్ధరాత్రి పన్నెండుకు, రెండుకు, నాలుగుకు కూడా. ఆ గ్లాసు బిడ్డ పెదవికి ఆనించి, చుక్కచుక్కగా, మధ్యలో కక్కితే తుడిచి మళ్ళీ మొదలుపెట్టి పట్టేది ఎవరనుకున్నారు? అరవై మంచాలకు ఇద్దరు నర్సులున్న చోట నర్సు పట్టలేదు. తల్లి పడుతుంది. ఆ తల్లి నిద్రపోయినా, లేకపోయినా, ఒకట్రెండు సార్లు పాలు తప్పిపోతే బిడ్డ ఒంట్లో చక్కెర పడిపోతుంది, ఒళ్ళు చల్లబడుతుంది. తెల్లారేసరికి మంచం ఖాళీ. ఇలాంటి వార్డుల్లో చావులు ఎక్కువగా రాత్రుళ్ళే ఎందుకు జరుగుతాయో మీకిప్పుడు అర్థమై ఉంటుంది.

అందుకే నా సలహా మొత్తం ఆ తల్లి చుట్టూనే తిరుగుతుంది.

మలావిలో రోగితో వచ్చి ఉండే మనిషిని గార్డియన్ అంటారు. చాలా పల్లె ఆస్పత్రుల్లో గార్డియన్లకు విడిగా ఒక షెడ్డు, బయట పొయ్యిలు ఉంటాయి. బిడ్డకు వైద్యం, మందుపాలు ఆస్పత్రి చూసుకుంటుంది. గార్డియన్ తిండి గార్డియనే చూసుకోవాలి. మొక్కజొన్న పిండి, చిక్కుడు గింజలు, కట్టెలు, సబ్బు ఇంటి నుంచి మూటకట్టుకుని రావాలి. వాళ్ళ న్సిమా అంటే మన సంకటే, రాగికి బదులు తెల్ల మొక్కజొన్నతో గెలుకుతారు. మూటలో పిండి నాలుగు రోజులకు వస్తుంది. బిడ్డ వార్డులో వారం పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఉండాలి. ఐదో రోజు ఆ తల్లి ఏం తినాలి? పైగా ఆమె ఆస్పత్రిలో ఉందంటే చేలో కలుపు ఆగిపోయినట్టు, కూలి పోయినట్టు, ఇంట్లో మిగతా పిల్లలు పక్కింటి వాకిట్లో ఉన్నట్టు.

మా వార్డులో ఒకామె ఉండేది. నాలుగో రోజు ఉదయం బిడ్డ మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు కోసం మేం కాచుకుని ఉంటాం, తిరిగి ఆకలి పుడుతోందని దాని అర్థం. నేను రికార్డులో రాసుకుంటుంటే ఆమె స్టీలు పళ్ళెం, దుప్పటి తువ్వాల్లో మూటకడుతోంది. బిడ్డ బాగైంది కదా, వెళ్ళొస్తానంది. మేకలున్నాయి, మరో ఇద్దరు పిల్లలున్నారు, మామ తిడుతున్నాడు. మన ఎన్‌ఆర్‌సీల్లో కూలి పోయినందుకు తల్లికి రోజుకింత అని ఇచ్చే ఏర్పాటు ఉంది, కానీ ఆ నెల డబ్బు ఇంకా రాలేదు. నేను గేటు దాకా వెంటపడి బతిమాలాను. ఇరవై రోజుల తర్వాత అదే బిడ్డ పాదాలు వాచి మళ్ళీ వచ్చింది. ఈసారి నవ్వడానికి పదకొండు రోజులు పట్టింది.

ఆ వాపు జబ్బుకే క్వాషియార్కర్ అని పేరు. మలావిలో బక్కచిక్కే పిల్లలతోపాటు ఇలా పాదాలు, ముఖం ఉబ్బి వచ్చే పిల్లలూ బాగా ఎక్కువ. అది గోల్డ్ కోస్ట్‌లో, అంటే ఇప్పటి ఘానాలో, గా భాష మాట్లాడే తల్లులు వాడిన మాట. 1930లలో అక్కడ పనిచేసిన డాక్టర్ సిసిలీ విలియమ్స్ దాన్నే వైద్య పత్రికకు ఎక్కించింది. చెల్లో తమ్ముడో పుట్టాక పైబిడ్డకు వచ్చే జబ్బు అని అర్థం. ఒక చంటిది చంకనెక్కితే ఇంకొకటి కిందికి దిగుతుంది, పాలు ఆగిపోతాయి, గంజి మీద పడుతుంది. జబ్బు పేరులోనే ఆ తల్లికి రెండు చేతులు చాలడం లేదని ఉంది చూడండి. అలాగని అంతా తిండి లెక్కే అనుకోవద్దు. మలావిలోనే కవల పిల్లల్ని కొన్నేళ్ళు గమనించి చూస్తే, ఒకే ఇంట్లో ఒకే తిండి తిన్న ఇద్దరిలో ఒకరికి వాపు వచ్చి మరొకరికి రాని జంటలు కనిపించాయి. పేగుల్లో ఉండే సూక్ష్మజీవుల తేడా కూడా కొంత కారణమని తేలింది.

బిడ్డకు ఆకలి తిరిగొచ్చాక కథ మారుతుంది. ప్లంపీనట్ అని వెండి రంగు ప్యాకెట్లో వేరుశనగ ముద్ద ఇస్తారు. 1996లో ఫ్రాన్స్‌లో ఆంద్రే బ్రియాండ్, మిషెల్ లెస్కాన్ కలిసి తయారుచేసింది. వేరుశనగ, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు, ఖనిజాలు కలిపి నూరిన ముద్ద. 92 గ్రాముల ప్యాకెట్, 500 కేలరీలు. నీళ్ళు కలపక్కర్లేదు, పొయ్యి వెలిగించక్కర్లేదు, బిడ్డే మూల చింపుకుని పిండుకుని నాకేస్తుంది. మలావిలోని బ్లాంటైర్ ఆస్పత్రిలో పనిచేసిన మార్క్ మనారీ అనే పిల్లల డాక్టర్ ఈ ముద్ద ఇచ్చి పిల్లల్ని ఇళ్ళకు పంపి చూశాడు, వార్డులో ఉంచిన దానికంటే బాగా కోలుకున్నారు. తర్వాత మలావిలోనే చిపోండే అన్న పేరుతో తయారుచేయడం మొదలైంది. జ్వరం, నెమ్ము లాంటి ఇతర ఇబ్బందులు లేని బిడ్డకు ఇంట్లోనే వైద్యం చేయవచ్చని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ లాంటి ఐక్యరాజ్య సమితి సంస్థలు కలిసి ఒప్పుకున్నాయి. అంటే మీ తమ్ముడు చూసిన వార్డులో ఉన్నది జబ్బు ముదిరిన కొద్దిమందే. మిగతావాళ్ళు ఊళ్ళలో ఉన్నారు.

ఒక బిడ్డకు పూర్తి వైద్యానికి 150 ప్యాకెట్ల అట్టపెట్టె ఒకటి ఇంచుమించు సరిపోతుంది. ధర సుమారు 40 నుంచి 50 డాలర్లు. మీ దగ్గరున్నది మూడు వేల డాలర్లకు కాస్త తక్కువ. అరవై పెట్టెలు కొనేద్దామని మీకు వెంటనే తడుతుంది, నాకూ తట్టింది. కానీ ఆ పెట్టెలు ఎక్కువగా యూనిసెఫ్ ద్వారా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలకు వస్తాయి. 2025లో అమెరికా విదేశీ సాయాన్ని ఒక్కసారిగా ఆపేసినప్పుడు చాలా దేశాల్లో ఈ సరఫరా దెబ్బతింది. కాబట్టి ఆ ఆస్పత్రిలో ఇప్పుడు పెట్టెలు ఉన్నాయా, ఎన్ని వారాలకు వస్తాయి అన్నది అడగాల్సిన మొదటి ప్రశ్న. లేవంటే డబ్బు అటే పోనివ్వండి, ఇంకో ఆలోచన వద్దు. ఉన్నాయంటే, మీ డబ్బుకు వేరే పని ఉంది.

ఆ పని చాలా చిన్నది, ఎవరి పోస్టర్‌లోనూ పట్టనిది. గార్డియన్ పొయ్యి దగ్గరికి మొక్కజొన్న పిండి, చిక్కుళ్ళు, నూనె, సబ్బు. రాత్రి పాలు పట్టడంలో సాయపడేందుకు ఊళ్ళోనే ఒకరిద్దరు ఆడవాళ్ళకు కూలి. జూన్, జులైలలో అక్కడ చలి, అప్పటికి దుప్పట్లు. ఇంటికి వెళ్ళాక వారానికో, రెండు వారాలకో మళ్ళీ చూపించుకోవడానికి కబాజా ఖర్చు. కబాజా అంటే సైకిలు టాక్సీ, వెనక క్యారియర్ మీద మెత్త వేసి మనిషిని కూర్చోబెట్టుకుని తొక్కుతారు, ఇప్పుడు మోటారు సైకిళ్ళూ వచ్చాయి. 2023 నవంబరులో అక్కడి డబ్బు క్వాచా విలువను తగ్గించారు, డాలరు ధర ఒక్క దెబ్బకు 44 శాతం పెరిగింది. ఆ మరుసటి ఏడాదే కరువొచ్చి 28 జిల్లాల్లో 23 జిల్లాలను విపత్తు ప్రాంతాలుగా ప్రకటించారు. పిండి బస్తా కొనలేని మనిషి కబాజాకు ఏం ఇస్తుంది? పదిహేను కిలోమీటర్లు బిడ్డను వీపున చితెంజె గుడ్డలో కట్టుకుని నడుస్తుంది, రెండుసార్లు నడుస్తుంది, మూడోసారి మానేస్తుంది. జబ్బ కొలత 12.5 దాటేదాకా రావాలని కార్డు మీద రాసి ఉంటుంది.

అయితే ‘ఇది ఫలానా సబ్బుకే, ఇది ఫలానా దుప్పటికే’ అని ముడివేసి పంపకండి. నేను చెప్పినవి నా ఊహలు, మేట్రన్‌కు తెలిసింది నిజం. పిల్లల వార్డుకు, వాళ్ళ గార్డియన్లకు అని మాత్రం రాసి, మిగతాది ఆమెకు వదిలేయండి.

ఇప్పుడు మీవారి మాట. ఆయన లెక్క తప్పేం కాదండి, ఆయన మీద విసుక్కోకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఐదేళ్ళ లోపు పిల్లల్లో 19.3 శాతం మంది ఎత్తుకు తగ్గ బరువు లేనివాళ్ళు. మలావిలో 2015–16 సర్వేలో అది 3 శాతం లోపే. ఎదుగుదల ఆగి పొట్టిగా ఉండిపోయిన పిల్లలైతే రెండు చోట్లా మూడో వంతుకు పైనే. ఆఫ్రికా అనగానే ఎండిన పిల్లలు, మనం దానం చేసేవాళ్ళం అన్న బొమ్మ ఎవరి బుర్రలోనైనా ఉంటే ఈ అంకెలు దాన్ని తుడిచేస్తాయి. మరి అక్కడికెందుకు? అక్కడ మీకో మనిషి ఉన్నాడు కాబట్టి. ఆ వార్డుకు ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళి చూసొచ్చే తమ్ముడు ఉండటం ఎంత పెద్ద దాతలకూ దొరకని సౌకర్యం. మన అంగన్‌వాడీ, బాలామృతం, ఎన్‌ఆర్‌సీ వెనక ఏదోరకంగా ప్రభుత్వ బడ్జెట్ ఉంది. అక్కడి ప్రభుత్వానికి అంత చేవ లేదు. మిషన్ ఆస్పత్రుల్లో జీతాలు చాలావరకు సర్కారు ఇచ్చినా మిగతా ఖర్చుకు దాతల చేతికేసే చూడాలి. మీవారితో ఇంకో మాట చెప్పండి. వచ్చే ఏడాది టపాసుల డబ్బు మీ దగ్గర్లో ఉన్న ఎన్‌ఆర్‌సీలో తల్లుల తిండికి ఆయన చేతులతోనే ఇమ్మనండి. ఆ మాట అన్నాక కూడా అభ్యంతరం ఉంటే అది అంకెల గురించి కాదు.

దత్తత వద్దు. బిడ్డ వార్డులో ఉండేది రోజులు, మొత్తం వైద్యం రెండు నెలలు. ఆ తర్వాత ఏం చేస్తారు, నెలనెలా ఫొటో అడుగుతారా? ఇంకో సంగతి కటువుగా చెబుతున్నాను, మీరు ఎంచుకున్న పాపే చనిపోవచ్చు. అప్పుడు మీ గ్రూపు కూడా చెదిరిపోతుంది, పక్క మంచం బిడ్డకు ఎవరూ మిగలరు.

ఫొటోల గురించి మీ అమ్మాయితో నెమ్మదిగా మాట్లాడండి. చిన్నపిల్ల, మంచి ఉద్దేశంతోనే అంది. మీ తమ్ముడు తల్లుల్ని అడిగే తీశాడేమో, కానీ విజయవాడలో రెండు వందల ఫోన్లలో తిరుగుతుందని చెప్పి అడిగాడా? బట్ట లేని ఒంటితో, వాచిన ముఖంతో ఉన్న మీ మనవరాలి ఫొటో ఎక్కడో ముక్కూముఖం తెలియనివాళ్ళ స్టేటస్‌లో ఉంటే మీరు ఊరుకుంటారా? ఆ ఫొటోలు తీసేయమనండి. పోస్టర్ కావాలనుకుంటే ఆ ఎరుపు, పసుపు, పచ్చ రంగుల టేపును మీ ఇంట్లోని పసిగాజు చుట్టూ పెట్టి తీయండి. చూసినవాళ్ళకు తెలుస్తుంది.

డబ్బు చేరుతుందా అన్నారు. తమ్ముణ్ణి వచ్చే శనివారం వెళ్ళమనండి, కెమెరా లేకుండా. వార్డు రిజిస్టరు నుంచి కిందటి ఏడాది లెక్క అడగమనండి. ఎంతమంది చేరారు, ఎంతమంది కోలుకున్నారు, ఎంతమంది పోయారు, ఎంతమంది మధ్యలో వెళ్ళిపోయారు. ఇలాంటి కార్యక్రమాలకు అంతర్జాతీయంగా ఒక కొలత ఉంది. వంద మందిలో 75 మందికి పైగా కోలుకోవాలి, చావులు 10 లోపు, మధ్యలో వెళ్ళినవాళ్ళు 15 లోపు ఉండాలి. అయితే వార్డుకు వచ్చేది జబ్బు ముదిరినవాళ్ళే కాబట్టి చావుల అంకె కాస్త ఎక్కువున్నా కంగారుపడొద్దు. లెక్క దాచకుండా చూపిస్తున్నారా అన్నదే నేనైతే చూస్తాను. మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళ అంకె మాత్రం శ్రద్ధగా అడగమనండి, మీ డబ్బు పని చేసేది సరిగ్గా అక్కడే. ఆస్పత్రి పేరున ఉన్న బ్యాంకు ఖాతాకే పంపండి, ఫాదర్ పేరునో అకౌంటెంట్ పేరునో కాదు. రసీదు తీసుకోండి.

పంపే పద్ధతి కష్టమేం కాదు. రిజర్వ్ బ్యాంకు స్కీము కింద మన దేశంలో ఉండే ఏ మనిషైనా ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా విదేశాలకు పంపవచ్చు, అందులో విరాళం కూడా ఒక కారణమే. పాన్ కార్డు తీసుకుని మీ బ్యాంకుకు వెళ్ళండి. ఈ వెసులుబాటు వ్యక్తులకే, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పేరున కుదరదు. మీ పేరున పంపేట్టయితే ఎవరెవరు ఎంత ఇచ్చారో కాగితం మీద రాసి సంతకాలు పెట్టించుకోండి, రేపు మాటలు రాకుండా ఉంటాయి. పది లక్షల లోపే కాబట్టి బ్యాంకు ముందస్తు పన్ను పట్టదు. విరాళాలకు ఆదాయపు పన్నులో ఇచ్చే 80జీ మినహాయింపు మాత్రం దొరకదు, విదేశీ ఆస్పత్రికి అది వర్తించదు. ఆ సంగతి మీ గ్రూపులో ముందే చెప్పేయండి.

ఒక్కసారే మొత్తం పంపకుండా రెండు విడతలు చేయండి. అక్కడ కోత ఏప్రిల్‌లో. పాత గింజలు డిసెంబరుకు అయిపోతాయి, వానలు, మలేరియా, ఆకలి మూడూ కలిసి జనవరి, ఫిబ్రవరి నెలల్లో మీద పడతాయి. వార్డులో మంచానికి ఇద్దరు పిల్లలు పడుకునే రోజులవి. సగం ఈ నెలలోనే వెళ్ళాలి, బస్తాలు ధర పెరగకముందే కొనుక్కుంటారు. మిగతా సగం ఫిబ్రవరి మొదటివారంలో.

బట్టలు మీ వాచ్‌మన్ వాళ్ళ పిల్లలకు ఇవ్వండి. అక్కడి సంతల్లో పాత బట్టలు గుట్టలుగా దొరుకుతాయి, విమానం ఖర్చే బట్టల ఖరీదుకు మించుతుంది. రాగిపిండి సంగతి మిగిలింది. లిలాంగ్వేకు ఎవరైనా వెళ్తుంటే ఆ ఐదు కిలోలూ మీ తమ్ముడికి ఇచ్చి పంపండి. రాత్రంతా నిద్రపోలేదన్నాడు కదా, అక్క పంపిన జావ తాగి శనివారం పొద్దున్నే బయల్దేరతాడు.